మొక్కు అమ్మది, నడక నాది: నమ్మకం సొంతమయ్యేది ఎప్పుడు?

లంకగట్టు | శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఈ చర్చావేదికలో వరి ధరలూ వరద వార్తలూ చదువుకుని చప్పుడు చేయకుండా వెళ్ళిపోయేవాడిని. ఈరోజు నాకే ఒక సందేహం వచ్చింది.

మాది రావులపాలెం దగ్గర, గౌతమి గట్టు మీది ఊరు. పదకొండేళ్ళ కిందట ఉద్యోగం లేక నేను రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నప్పుడు మా అమ్మ వాడపల్లి వెంకన్నకు మొక్కుకుంది. తెలియనివారి కోసం చెబుతున్నాను: వరుసగా ఏడు శనివారాలు వెళ్ళాలి, వెళ్ళినప్పుడల్లా గుడి చుట్టూ ఏడు ప్రదక్షిణలు చేయాలి. చేసింది. ఉద్యోగం వచ్చింది. పరీక్ష రాసింది నేనైతే పేరు వెంకన్నకు పోయిందని అప్పట్లో నవ్వుకునేవాడిని. అమ్మ మాత్రం అక్కడితో ఆపలేదు. ఒక ఏడు వారాలు పూర్తికాగానే మరో ఏడు వారాలు మొదలుపెట్టేది. మైల ఉన్నప్పుడూ, గోదావరి పొంగినప్పుడూ తప్ప మానలేదు.

ఈ వేసవిలో మోకాళ్ళు మొరాయించాయి. మూడు వారాలు ఎలాగో అయ్యాయి. "మిగతా నాలుగూ నువ్వు తిరిగి రా" అంది. నాకు నమ్మకం లేదని ఆమెకు తెలుసు. అదే గుర్తు చేశాను. "నమ్మమని అడిగానా? తిరగమన్నాను" అంది. కొంగు ముడి విప్పి ఏడు చింతగింజలు నా చేతిలో పోసింది. చుట్టు అయినప్పుడల్లా ఒక గింజ ఎడమ చేతిలోనుంచి కుడి చేతిలోకి మార్చాలి. పదకొండేళ్ళ చేతి చెమటకు వాటి అంచులు అరిగిపోయాయి. చీకట్లో తడిమితే గాజుపూసలేమో అనుకుంటాం.

ఈరోజు వెళ్ళాను. ఎండకు కాళ్ళు కాలాయి, జనం తోసుకున్నారు, భక్తి మాత్రం కలగలేదు. కానీ నాలుగో చుట్టులోనో ఐదో చుట్టులోనో, నేను ఏదో ఆలోచిస్తూ ఉండగానే బొటనవేలు దానంతట అదే గింజను పక్కకు తోసింది. అప్పటినుంచి ఇదే ఆలోచన. మనుషులు దేవుణ్ణి ఎందుకు నమ్ముతారు? ఇంట్లోవాళ్ళు నమ్మారు కాబట్టేనా? అలాగైతే ఆ నమ్మకం ఏనాటికి మన సొంతమవుతుంది?


రొయ్యలచెరువు | శనివారం, రాత్రి 10.15

భీమవరం దగ్గర మావి చెరువులు. మా అన్నయ్యది వరి, నాది రొయ్య. అన్నయ్య ఏడాదికి ఒకసారి ఏరువాకకు కొబ్బరికాయ కొడతాడు. నేను సీడ్, అంటే రొయ్య పిల్లలు, వదిలిన రోజు నుంచి పట్టుబడి దాకా వారానికొకటి కొడతాను. వరికి తెగులు వస్తే నాలుగు బస్తాలు తగ్గుతాయి. రొయ్యకు వైట్‌స్పాట్ వస్తే నాలుగు రోజుల్లో చెరువు ఖాళీ, ఆ వెనకే మన ఇల్లూ ఖాళీ. సీడ్‌కు రోగం ఉందేమోనని పీసీఆర్ పరీక్ష చేయిస్తాను, రాత్రంతా ఏరేటర్లు తిప్పుతాను, చెక్ ట్రేలో మేత మిగిలిందేమో చూస్తాను. అన్నీ అయ్యాక మావుళ్ళమ్మకు చెప్పుకుంటాను. భయం ఎక్కువున్న చోట దేవుడు ఎక్కువ. అంతకు మించిన వేదాంతం నాకు తెలియదు.


పాత మాస్టారు | ఆదివారం, ఉదయం 6.05

రొయ్యలచెరువు గారూ, మీరు వేళాకోళంగా అన్నా అది చిన్న మాట కాదు. వందేళ్ళ కిందట మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త న్యూగినీ పక్కనున్న ట్రోబ్రియాండ్ దీవుల్లో సరిగ్గా ఇదే గమనించాడు. ఆ దీవులవాళ్ళు ఒడ్డు లోపలి ప్రశాంతమైన నీళ్ళలో చేపలు పట్టేటప్పుడు ఏ తంతూ చేసేవారు కాదు. బయటి సముద్రంలోకి పడవ దించేటప్పుడు మాత్రం మంత్రతంత్రాలన్నీ ఉండేవి. మీ అన్నయ్యగారిది లోపలి నీరు, మీది నడిసముద్రం.

అయితే లంకగట్టు గారి ప్రశ్న ఇంతటితో తేలదు. భయం మొక్కును పుట్టిస్తుంది, నిజమే. అయినవిల్లి వినాయకుడి దగ్గర పరీక్షల ముందు పెన్నుల కోసం పిల్లలు బారులు తీరుతారు. ఫలితాలు వచ్చాక అంతమంది కనబడరు. ఈ తల్లి భయం మాత్రం ఏడో వారానికే తీరిపోయింది. ఆ తర్వాత పదకొండేళ్ళు దేనికి తిరిగింది?

ఇంకొక మాట. "నమ్మమని అడిగానా, తిరగమన్నాను" అన్నారే, అది అచ్చమైన పూర్వమీమాంస, అంటే వేదం చెప్పిన కర్మ చేయడమే ముఖ్యమనే దర్శనం. ఆ దర్శనపు పండితుడు కుమారిల భట్టు సృష్టికర్త ఉన్నాడనే వాదాన్ని గట్టిగా ఖండించాడు. అయినా చేయవలసిన కర్మ చేయవలసిందే అన్నాడు. ఫ్రాన్సులో పదిహేడో శతాబ్దపు గణితజ్ఞుడు పాస్కల్ దీన్ని వేరే దారిన చెప్పాడు. నమ్మాలని ఉండి నమ్మలేకపోతున్నవాడికి ఆయన ఇచ్చిన సలహా, నమ్మినవాళ్ళు చేసే పనులు నువ్వూ చేస్తూ పో, నమ్మకం వెనకే వస్తుంది అని. మీ బొటనవేలు ఆ దారిలోనే ఉన్నట్టుంది.


ప్రశ్న | ఆదివారం, ఉదయం 11.20

బొటనవేలు కదిలింది అలవాటు వల్ల, పాస్కల్ వల్ల కాదు. సైకిలు తొక్కేవాడి కాళ్ళు కూడా వాటంతట అవే కదులుతాయి. దానికి ఎవరూ గుడి కట్టరు.

ఎందుకు నమ్ముతారన్నదానికి నాకు తోచింది చెబుతాను. రాత్రి కొబ్బరితోటలో నడుస్తుంటే ఎండుమట్ట చప్పుడవుతుంది. గాలి అనుకుని అడుగు ముందుకు వేసినవాడు పది సార్లలో తొమ్మిది సార్లు సరైనవాడే. పదోసారి అది పాము. పాము అనుకుని ప్రతిసారీ ఆగినవాడు తొమ్మిది సార్లు పొరబడ్డాడు, కానీ బతికాడు. మనమంతా ఆ ఆగినవాడి సంతానం. చప్పుడు వెనుక ఎవరో ఉన్నారని అనుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన గుణం. మతం గురించి పరిశోధించేవారిలో చాలామంది మొదలు ఇక్కడే వెతుకుతున్నారు.

తర్వాతి మెట్టు మన కళ్ళ ముందే ఉంది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఇంజనీరు కాటన్. నూట డెబ్బై ఏళ్ళకే ఆయనకు ఊరూరా విగ్రహాలు, దండలు. ఇంకో వెయ్యేళ్ళు ఆగండి, కల్యాణం కూడా చేస్తారు. మేలు చేసినవాడు దేవుడవుతాడు. నమ్మకం పుట్టేది ఇలాగే.


గుడిమెట్టు | ఆదివారం, మధ్యాహ్నం 3.30

ప్రశ్న గారికి, ఒక అర్చకుడి కొడుకుగా రెండు మాటలు.

కాటన్ సంగతి మీరు సగమే చెప్పారు. మా నాన్నగారు గోదావరి స్నానసంకల్పంలో ఆయనను భగీరథుడని తలిచేవారు. చిన్నప్పుడు అందులో ఇంగ్లీషు పేరు వినబడి నాకు నవ్వొచ్చేది. కానీ ఒక్కటి గమనించండి. కాటన్ విగ్రహానికి దండ వేస్తాం, జేజేలు కొడతాం. కూతురి పెళ్ళి కుదరాలని మాత్రం ఆయనకు ఎవరూ మొక్కుకోరు. కాలువలో నీరు రాకపోయినా ఆయనను నిలదీయరు. ఆయన పని అయిపోయింది. కృతజ్ఞత వేరు, నమ్మకం వేరు. ఇంకా పని మిగిలి ఉన్నవాడితోనే మనకు తగాదా ఉంటుంది.

రెండోది నా బాధ. గుడి ఇంట్లో పుట్టినవాడికి భక్తి దొరకడం కష్టం. మాకు దేవుడంటే తెల్లవారుజామున నాలుగింటికి లేవడం. గర్భాలయం కడగడం, నిన్నటి పూలు తీయడం, నూనె జిడ్డు తుడవడం, ప్రసాదానికి బియ్యం చాలతాయో లేదో చూసుకోవడం. జనం చేతులెత్తి కళ్ళు మూసుకుని నిలబడినప్పుడు నేను హారతి పళ్ళెంలో చిల్లర చూసేవాడిని. ఇప్పుడు నేను అర్చకత్వంలో లేను, ఊరు విడిచి ఇరవయ్యేళ్ళు. ఇప్పటికీ నాలుగింటికి మెలకువ వస్తుంది. లేచి ఏమి చేయాలో తెలియక కాసేపు చీకట్లో కూర్చుంటాను. దాన్ని ధ్యానం అనడానికి నాకు మొహమాటం.


నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 8.00

రెండు వ్యాఖ్యలు తొలగించాను. ఏ గుడి గొప్పది, ఏ ప్రార్థన పనిచేస్తుంది అనే పందేలు ఇక్కడ వద్దు. కోడిపందేలకు సంక్రాంతి ఉండనే ఉంది.


లేసు అల్లిక | సోమవారం, రాత్రి 10.50

మాది నరసాపురం పక్క పల్లె. లేసు అల్లుతాం, మా అమ్మమ్మ కాలం నుంచీ అదే పని. మా సంఘం బ్రదరన్ అనే క్రైస్తవ శాఖది. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు దొరలు ఇంగ్లండు నుంచి ఈ వైపు వచ్చినప్పటి నుంచి గోదావరి డెల్టాలో ఉన్న సంఘాలలో అది ఒకటి.

లంకగట్టు గారూ, మీరు అడిగిన ప్రశ్న మా దగ్గర పైకే అడుగుతారు. మా సంఘంలో పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. తల్లిదండ్రుల నమ్మకం బిడ్డకు రాదు, ఎవరికి వారు ఒప్పుకోవలసిందే. అందరి ముందు లేచి సాక్ష్యం చెప్పాలి: ఫలానా రోజున నాకు మారుమనస్సు కలిగింది, నేను రక్షణ పొందాను అని. వినడానికి ఎంత బాగుందో కదా. నాకు పదహారేళ్ళప్పుడు సంఘపెద్దలు అడిగారు. నా ఈడు వాళ్ళందరూ అప్పటికే పొందేశారు, నేనొక్కదాన్నే మిగిలాను. మా అక్క అంతకు ముందు ఏడాది చెప్పిన సాక్ష్యమే కాస్త అటూ ఇటూ మార్చి చెప్పాను. ఏడ్చాను కూడా. కాలువలో నన్ను నీళ్ళలో ముంచి లేపినప్పుడు నాకు తట్టింది ఒక్కటే, ముక్కులోకి నీళ్ళు పోయాయని. అంటే సొంత నమ్మకం కోసమే పెట్టిన ఏర్పాటులో కూడా అరువు సాక్ష్యం నడిచిపోయింది.

అసలుది ఎప్పుడో చెప్పమంటే తేదీ చెప్పలేను. నా రెండో కాన్పు పోయింది. ఎనిమిదో నెల. అందరూ వచ్చి ప్రార్థన చేశారు, "దేవుని చిత్తం" అన్నారు. ఆ మాట అన్న ప్రతివారి మీదా నాకు కోపం వచ్చింది. నాలుగైదు నెలలు ప్రార్థన చేయలేదు, నోరు పెగల్లేదు. లేసు మాత్రం అల్లేదాన్ని, ఆర్డరు ఉంది కాబట్టి. ఒక మధ్యాహ్నం కొక్కెం పట్టుకుని వరస లెక్కపెట్టుకుంటూ ఉంటే లెక్క తప్పింది. విప్పుతూ విప్పుతూ "నువ్వు ఇలా ఎందుకు చేశావు" అని పైకే అన్నాను. గదిలో ఎవరూ లేరు. ఎవరితో అన్నానో నాకు వెంటనే తెలిసింది. పదహారేళ్ళప్పుడు చెప్పిన సాక్ష్యంలో ఈ మనిషి లేడు. జవాబు రాలేదు, ఇప్పటికీ రాలేదు. కానీ ఆ రోజు నుంచి నేను మాట్లాడేది గోడతో కాదు. ఇది ప్రశ్న గారికి రుజువు కాదని నాకు తెలుసు, రుజువుగా రాయలేదు.


పాత మాస్టారు | మంగళవారం, ఉదయం 5.50

అమ్మా, మీరు రాసింది చదివాక నా పుస్తకాల పరిజ్ఞానం కాస్త చిన్నబోయింది. అయినా అలవాటు మానలేను. విలియం జేమ్స్ అనే అమెరికన్ తత్వవేత్త 1901, 1902 సంవత్సరాలలో ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాలలో మతాన్ని రెండుగా విడదీశాడు. పూజారులు, సంఘాలు, తంతులు ఒకవైపు. ఒంటరిగా ఉన్న మనిషికి తాను దైవం అనుకున్నదానితో ఏర్పడే అనుభవం మరోవైపు. రెండోదే ముఖ్యమని ఆయన పక్షం. మీ ఖాళీ గది ఆ రెండోది. అయితే మీకు ఆ "నువ్వు" అనే పిలుపు నేర్పింది మొదటిదే కదా? ఆ భాషే లేకపోతే ఎవరిని నిలదీసేవారు?


తొంభైఆరు తుపాను | మంగళవారం, రాత్రి 9.10

నేను మామూలుగా రాయను. లేసు అల్లిక గారిది చదివి రాస్తున్నాను.

1996 నవంబరు 6. మాది ముమ్మిడివరం వైపు. నాకు తొమ్మిదేళ్ళు. సాయంత్రం పెంకులు ఎగిరిపోతుంటే బడి గదిలోకి వెళ్ళాం. మా నాన్న రాత్రంతా రామా రామా అంటూనే ఉన్నాడు. పక్కింటి పెద్దాయనా అన్నాడు, ఆయన గొంతు ఇంకా పెద్దది. తెల్లారేసరికి మేము ఉన్నాం. వాళ్ళు ఉన్న వైపు గోడ కూలింది. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారని తర్వాత లెక్క తేలింది. ఊళ్ళో బతికినవాళ్ళందరూ దేవుడు కాపాడాడు అన్నారు. నాకు ఆ మాట అప్పుడే మింగుడుపడలేదు. కాపాడితే గోడ అటువైపే ఎందుకు కూలింది?

మా నాన్న అప్పటినుంచి గుడి గడప తొక్కలేదు. ఎనభై కొబ్బరిచెట్లలో పదకొండు మిగిలాయి. ఆ పదకొండింటి కింద కూర్చుని రోజూ దేవుణ్ణి తిట్టేవాడు. పేరు పెట్టి, వావివరసలు కలిపి. ఆయన పోయేదాకా ఇరవయ్యేళ్ళు తిట్టాడు. లేనివాణ్ణి ఎవరైనా అంత ఓపికగా తిడతారా? నేను తిట్టను, తలచుకోను కూడా. మా ఇద్దరిలో నాస్తికుడు నేనే.

ఇక్కడ నాకే అర్థం కాని సంగతి ఒకటి ఉంది. మా అత్తవారిది గంగలకుర్రు. కనుమ రోజు జగ్గన్నతోట తీర్థానికి ప్రభ, అంటే దేవుణ్ణి నిలిపి అలంకరించిన వెదురు కట్టడం, మోస్తాను, పన్నెండేళ్ళుగా. చూసినవాళ్ళకు తెలుసు: పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు ప్రభలు, ఏకాదశ రుద్రులు. ఆ తోటలో గుడి లేదు, కొబ్బరిచెట్లే. పచ్చని చేలు తొక్కుకుంటూ వెళతాం, చేను గలవాడు ఏమీ అనడు, సంతోషిస్తాడు. కౌశిక ఏరు దాటేటప్పుడు నీళ్ళు నడుముదాకా వస్తాయి, అడుగున బురద, భుజం మీద కర్ర కోసుకుపోతూ ఉంటుంది. ఒక్కడు జారితే ప్రభ ఒరుగుతుంది. అందరి నోటా ఒకే అరుపు. ఆ అయిదు నిమిషాలూ నేనూ అరుస్తాను. ఒడ్డెక్కాక ఎవరైనా నమ్ముతావా అని అడిగితే నమ్మను అనే చెబుతాను.


ప్రశ్న | బుధవారం, మధ్యాహ్నం 1.00

ఇద్దరివీ చదివాక నా సంగతి దాచుకోవడం బాగుండదు.

మా నాన్న గోరా గారి అభిమాని. కాకినాడ పి.ఆర్. కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతూ నాస్తిక భావాల వల్ల ఉద్యోగం పోగొట్టుకున్న గోరా, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా. విచిత్రం ఏమిటంటే అదే కళాశాలకు అంతకు ముందు ప్రిన్సిపాలు రఘుపతి వెంకటరత్నం నాయుడు, పరమ ఆస్తికుడైన బ్రహ్మసమాజికుడు. ఇద్దరూ కులాన్ని ఒకేలా ఎదిరించారు. ఒకరు దేవుడు ఒక్కడే కాబట్టి అని, మరొకరు దేవుడు లేడు కాబట్టి అని.

మా ఇంట్లో పండుగ లేదు, బొట్టు లేదు. ఆరేళ్ళప్పుడే దేవుడు లేడని బడిలో వాదించేవాడిని. మీ పిల్లలు శ్లోకాలు ఎలా వల్లించేవారో నేనూ అలాగే. నాన్న పోయినప్పుడు ఆయన రాసిపెట్టినట్టే దేహాన్ని వైద్య కళాశాలకు ఇచ్చేశాం. తంతు లేదు. బండి వెళ్ళిపోయాక వీధిలో నిలబడ్డాను. చేతులకు ఏమి చేయాలో తెలియలేదు. పక్కింటి వాళ్ళు నీళ్ళు తెచ్చి కాళ్ళు కడుక్కోమన్నారు, కడుక్కున్నాను. ఆ రోజే తట్టింది, నా నాస్తికత్వమూ నాన్నదేనని. దాన్ని నాది చేసుకోవడానికి మళ్ళీ మొదటినుంచి ఆలోచించవలసి వచ్చింది. ఆలోచించాను. ఇప్పటికీ లేడనే అంటున్నాను, కానీ ఇప్పుడు అంటున్నది నేను.


రొయ్యలచెరువు | బుధవారం, రాత్రి 7.45

ఇంత చర్చ జరిగినా ఏనుగు, మొసలి, "కలడో లేడో" పద్యం ఎవరూ ఎత్తలేదు. తెలుగువాళ్ళ చర్చేనా ఇది?


పాత మాస్టారు | బుధవారం, రాత్రి 8.02

నాలుగు సార్లు రాసి చెరిపేశానండి.


లంకగట్టు | రెండు వారాల తర్వాత, ఆదివారం

మూడో శనివారం కూడా అయింది. మీ మాటలన్నీ అమ్మకు చదివి వినిపించాను, రొయ్యల గారివి రెండుసార్లు. "పదకొండేళ్ళు దేనికి తిరిగింది" అని మాస్టారు అడిగింది విని కాసేపు ఊరుకుంది. చిక్కుళ్ళ ఈనెలు తీస్తూ చెప్పింది, ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"నీ ఉద్యోగం కోసమని మీ నాన్నకు చెప్పాను. ఆ రెండేళ్ళూ ఇంట్లో నువ్వు ఒక గదిలో, ఆయన ఒక గదిలో, ఎవరి మొహాలూ చూడబుద్ధి అయ్యేది కాదు. వారానికి ఒక పూట బయట పడితే చాలనుకున్నాను. ఎక్కడికి అంటే ఏమి చెప్పను? గుడికి అంటే ఎవరూ కాదనరు. చుట్లు గబగబా తిరిగేసి రేవు మెట్ల మీద కూర్చునేదాన్ని. అవతలి గట్టు చూసేదాన్ని. స్వామి మొహం సరిగ్గా చూసింది నాలుగో వారమో, ఐదో వారమో. బయట ఎండగా ఉంటే లోపల నిలబడ్డాను. అందరూ కొయ్య స్వామి, ఎర్రచందనం అంటారు కదా, ఎక్కడ కొయ్యలా ఉన్నాడా అని చూస్తూ నిలబడ్డాను. నీ ఉద్యోగం మాట అడగడం మరిచిపోయాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. అప్పటినుంచి అలవాటయ్యాడు."

మరి నమ్ముతున్నావా అని అడిగాను. "ఏమి ప్రశ్నరా అది. మీ నాన్నను నమ్ముతున్నానా అని ఎప్పుడైనా అడిగావా? ఆయనా అలవాటయ్యారు."

పదకొండేళ్ళుగా ఆ మొక్కు నా గురించే అనుకుంటున్నాను. నిన్నటి వరకు వెంకన్న మీద నాకున్న ఫిర్యాదు అదే.


ప్రశ్న | ఆదివారం, రాత్రి 9.30

నా పాము ఇక్కడ పనిచేయలేదు, ఒప్పుకుంటున్నాను. మీ అమ్మగారు భయపడి వెళ్ళలేదు, ఊపిరి తీసుకోవడానికి వెళ్ళారు. అయితే ఒకటి అడుగుతాను, దీనికి జవాబు మీ అందరి దగ్గరా కావాలి. ఒక ఆడమనిషి గట్టు మీద ఊరికే కూర్చోవడానికి దేవుడి పేరు ఎందుకు చెప్పవలసి వచ్చింది?


లేసు అల్లిక | ఆదివారం, రాత్రి 9.55

చెప్పవలసి వచ్చింది, అది నిజం, మీ కోపమూ నిజం. మా స్త్రీల ప్రార్థనా కూటమికి వచ్చేవాళ్ళలో సగంమంది అందుకే వస్తారు. కానీ సాకుతో మొదలైనంత మాత్రాన చివరిదాకా సాకే అయి ఉండాలా? ఆవిడ అడగడం మరిచిపోయారు చూడండి, అక్కడ సాకు అయిపోయింది.


రొయ్యలచెరువు | ఆదివారం, రాత్రి 10.05

మా ఆవిడ మంగళవారాల మీద నాకు కొత్త అనుమానం మొదలైంది.


లంకగట్టు | తర్వాతి శనివారం, రాత్రి 8.30

ఏడు వారాలూ పూర్తయ్యాయి. చివరి చుట్టులో ఎవరో తగిలి ఒక గింజ జారిపోయింది. అన్ని కాళ్ళ మధ్య వెతకడం కుదరలేదు. ఆరు చుట్లయ్యాయో ఏడో తేలక ఇంకొకటి తిరిగాను.

తర్వాత రేవులోకి దిగి కూర్చున్నాను. గోదావరి ఇంకా ఎర్రబడలేదు, నీరు సన్నగా ఉంది, అవతల ఇసుక తేలి ఉంది. పది నిమిషాలనుకుని కూర్చుంటే ముప్పావుగంట అయింది. ఇంటికి వచ్చి చెబితే అమ్మ ఏ మెట్టు మీద కూర్చున్నావని అడిగింది. కింది నుంచి మూడోది అన్నాను. "అక్కడ పాచి. ఇంకా పైన కూర్చోవాలి" అంది. గింజ పోయిందంటే ఏమీ అనలేదు. చింతపండు జాడీలోనుంచి ఇంకొకటి తీసి, పీచు గోటితో గీకి, మిగతా ఆరింటితో కలిపింది. కొత్తది గరుకుగా ఉంది, ముడిలో పైకే తెలుస్తోంది.


రొయ్యలచెరువు | శనివారం, రాత్రి 8.50

లంకగట్టు గారూ, శనివారాల్లో గుడి దగ్గర కారు పెట్టుకోవడానికి చోటు ఉంటుందా? మా ఆవిడ అడగమంటోంది. రేవు ఎటువైపో కూడా.


లంకగట్టు | శనివారం, రాత్రి 9.00

ఆరు గంటల లోపు వస్తే ఉంటుందండి. రేవు గుడికి ఎదురుగానే, ఎవరినీ అడగనక్కరలేదు.